అద్దె డ్రెస్సులవాడు చూసిన షోలే

బెంగళూరు పేటలో నాటకాలకీ, స్కూలు వార్షికోత్సవాలకీ వేషాలు అద్దెకిచ్చే కొట్టు మాది. మా నాన్న హిందూపురం నుంచి వచ్చి పెట్టాడు. తెలుగు పద్యనాటకాల కిరీటాలూ, కన్నడ నాటకాల తలపాగాలూ ఒకే బీరువాలో ఉండేవి. ఇప్పుడు షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు వచ్చి "తాతా, హీరోకి ఏ రంగు వేస్తే బాగుంటుంది?" అని అడుగుతుంటారు. వాళ్లకి నేను చూపించేది ఒక్కటే సినిమా, రమేశ్ సిప్పీ తీసిన షోలే. 1973 అక్టోబరులో మన రామనగరం కొండల్లో షూటింగు మొదలుపెట్టి, 1975 ఆగస్టు 15న విడుదల చేశారు. మైసూరు రోడ్డు మీద యాభై కిలోమీటర్లు పోతే అంత పని జరుగుతోంది, మేము బొంబాయివాళ్ల హడావిడి అనుకుని ఊరుకున్నాం. వేషాల వ్యాపారంలో ఉండి కూడా వెళ్లి చూడలేదే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

1. దుర్మార్గుడికి నల్లచొక్కా తొడిగితే వాడెవడో తెలుస్తుంది, భయం మాత్రం పుట్టదు.

నాట్యశాస్త్రంలో భరతుడు రౌద్రానికి ఎరుపు, భయానకానికి నలుపు చెప్పాడు. మా నాన్న ఆ శాస్త్రం చదవలేదు గానీ, కొట్లో దుర్మార్గుడి సెట్టు సరిగ్గా ఆ లెక్కనే ఉండేది: నల్లచొక్కా, ఎర్ర నడుంపట్టీ, అతికించే మీసం. నేనూ ఏళ్ల తరబడి అదే కట్టి ఇచ్చాను. హిందీ సినిమాల్లో బందిపోటుకీ ఒక సెట్టు ఉండేది: ధోవతి, తలపాగా, నుదుట బొట్టు. షోలేలో బందిపోటు గబ్బర్ సింగ్ దగ్గరికి వచ్చేసరికి అదంతా తీసి అవతల పారేశారు. బొంబాయి చోర్ బజార్లో కొన్న సైనికుల యూనిఫాం అంజద్ ఖాన్‌కి తొడిగారు. మాసిన ఆకుపచ్చ, గుండీలు సరిగ్గా పెట్టుకోని చొక్కా. ఊరికి కాపలా కాసేవాడి బట్ట ఊరిని దోచేవాడి ఒంటిమీద చూడగానే ఎక్కడో ఏదో తప్పిందని మనసుకి తెలిసిపోతుంది. ఆ భయం నలుపులో లేదు. పైగా వాడి బెల్టు నడుముకి ఉండదు, చేతిలో ఉంటుంది. బండల మీద దాన్ని ఈడ్చుకుంటూ నడుస్తాడు. మొహం కంటే ముందు మనం వినేది ఆ బెల్టు చప్పుడే. వేషంలో చప్పుడు కూడా ఒక భాగమని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

2. మడత నలగని బట్టలో మనిషి ఇమడడు.

షోలే హీరోలు జై, వీరూల జీన్సు చూడండి. రైళ్లలోనూ జైళ్లలోనూ తిరిగొచ్చిన బట్టలా ఉంటుంది. మా దగ్గర కొత్త బట్ట పాతపడాలంటే ఇటుకముక్కతో మోచేతులూ మోకాళ్లూ రుద్దేవాళ్లం, టీ డికాషన్‌లో ముంచి ఆరేసేవాళ్లం. తొందరున్న రోజున ఆ పని ఎగ్గొట్టి పంపితే, స్టేజి మీద కూలివాడు పెళ్లికొడుకులా మెరిసిపోయేవాడు. 1971లో మన కృష్ణ గారు మోసగాళ్లకు మోసగాడులో కౌబాయ్ టోపీ పెట్టుకుని రాజస్థాన్ ఇసుకలో గుర్రమెక్కారు. ఆ ఇసుక బట్టలకి అంటింది కాబట్టే తెలుగువాడు కౌబాయ్ అయ్యాడంటే జనం నమ్మారు. నలుపు తెలుపుల కాలంలో ఇంకో ఇబ్బంది. ఎరుపూ ముదురాకుపచ్చా తెరమీద ఇంచుమించు ఒకే బూడిద రంగులో పడతాయి. అందుకే 1951 పాతాళభైరవిలో మార్కస్ బార్ట్‌లే కెమెరా ముందు ఎన్టీఆర్ తోటరాముడినీ, ఎస్వీ రంగారావు మాంత్రికుడినీ వేరుచేసి చూపించే భారం రంగు మీద పడలేదు, తొడుగు ఆకారం మీద పడింది.

3. కప్పిన బట్టకే కథ ఎక్కువ.

సంజీవ్ కుమార్ ఠాకూర్ భుజాల మీద ఎప్పుడూ శాలువా ఉంటుంది. మెరుపు లేని మసక రంగు. కరుణరసానికి భరతుడు చెప్పినది పావురాయి రంగు. ఆ శాలువా దానికి ఎంత దగ్గరో. పెద్దమనిషి కదా, కప్పుకున్నాడు అనుకుంటాం. గబ్బర్ ముఠా ఊరిమీద పడ్డప్పుడు కాళ్ల దగ్గర తుపాకీ పడి ఉన్నా తీసి వీరూకి అందివ్వడు, పిరికివాడేమో అనుకుంటాం. తర్వాత పాత కథ చెబుతాడు: ఒకప్పుడు పోలీసు అధికారిగా ఉన్న ఆ మనిషి సెలవు మీద ఇంటికొస్తే, ముంగిట తెల్లగుడ్డ కప్పిన ఇంటివాళ్ల శవాలు. కథ ముగిసేసరికి గాలికి శాలువా జారిపోతుంది. ఖాళీ చొక్కా చేతులు; అసలు చేతులు గబ్బర్ నరికేశాడు. సినిమాలో సగం సేపు మన కళ్లెదుటే ఉన్న బట్ట అది, ఎవరికీ అనుమానం రాలేదు. నేనైతే వీరుడి వేషానికి ఎప్పుడూ పైన తగిలించడమే చూసుకున్నాను. భుజకీర్తులు, చెమ్కీలు, జరీ అంచు. ఎంత బరువైతే అంత అద్దె.

4. తెలుపు కూడా పులుముకున్న రంగే.

ఈ పాఠం నాకు ఆలస్యంగా ఎక్కింది. ఠాకూర్ విధవ కోడలు, జయా బచ్చన్ రాధ, సినిమా పొడవునా తెల్లచీరలోనే ఉంటుంది, మాటలు చాలా తక్కువ. ఊరంతా హోలీ ఆడుతుంటే దూరంగా నిలబడి చూస్తుంది. ఠాకూర్ ఇంటి పనివాడు రామ్‌లాల్ జైకి ఆమె పాత సంగతి చెప్పినప్పుడు గానీ, పెళ్లికి ముందు అదే హోలీ నాడు ఒంటినిండా రంగులతో గలగలా మాట్లాడిన పిల్ల మనకి కనబడదు. అది చూశాక మళ్లీ తెల్లచీర చూస్తే, చీరలోంచి ఎవరో రంగులన్నీ పిండేసినట్టు ఉంటుంది. సాయంత్రం ఆమె పైన దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుతుంది, కింద జై మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటాడు. తెర మీద కాసేపే. పొద్దువాలే వెలుగు కావాలని ఆ దీపాల ఘట్టాలకి ఇరవై రోజులు పట్టిందట కెమెరామన్ ద్వారకా దివేచాకి. దండగ కాదు. పట్టపగటి వెలుగులో తీస్తే ఆ తెలుపు ఉతికిన చీరగానే మిగిలేది.

మా అక్క చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. తెల్లచీరే కట్టేది. కొట్లో విధవ పాత్రలకిచ్చే చీరలు ఉతికేది కూడా ఆవిడే. స్టేజి లైట్లకి తెలుపు కళ్లలో పొడవకుండా వాటిని పల్చటి డికాషన్‌లో ముంచేది. తన చీరలకి మాత్రం నీలిమందు పెట్టి తళతళలాడించేది. సినిమా చూసొచ్చి, "ముందు రంగులు చూపించారు కాబట్టి సరిపోయిందిరా, లేకపోతే ఆ తెలుపు ఎవరి కంటికి ఆనుతుంది?" అంది. నేను పనితనం గురించి అంటోందనుకుని తలూపాను. కొట్టు నిండా రంగుబట్టలు వేలాడుతున్నాయి, ఒక్క పూలచీర తెచ్చి "కట్టుకో అక్కా" అనాలని నాకు తోచలేదు. తోచేసరికి ఆవిడ లేదు.

5. వీరత్వం వేషంలో ఎక్కడుందో కింది నుంచి వెతకండి.

చేతులు లేని మనిషికి ఆయుధం ఏమిటి? రామ్‌లాల్ ఠాకూర్ బూట్ల అడుగున మేకులు కొడుతుంటాడు. అంతా అయ్యాక ఆ బూట్లే గబ్బర్ చేతుల మీద పడతాయి. మొదట తీసిన ముగింపులో ఠాకూర్ గబ్బర్‌ని చంపేస్తాడు. అది ఎమర్జెన్సీ కాలం. మాజీ పోలీసు అధికారి చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవడానికి సెన్సారు ఒప్పుకోలేదు. పోలీసులు వచ్చి ఆపినట్టు మళ్లీ తీశారు. పాత ముగింపుతో బాగుచేసిన ప్రతిని 2025లో చూపించారు. నన్నడిగితే, అంత ఓపికగా బూట్లకి మేకులు కొట్టించుకున్నవాడు ఆఖరి అడుగులో ఆగడం ఆ వేషానికి కుదరదు. కుర్రాళ్లు దీనిమీద నాతో గట్టిగానే వాదిస్తారు.

6. జనం అద్దెకి తీసుకుపోయేది వీరుడి వేషం కాదు.

కొట్టు ఇప్పుడు మా అబ్బాయి చూస్తున్నాడు. వార్షికోత్సవాల రోజులొస్తే పిల్లల సైజు గబ్బర్ డ్రెస్సులకి ముందే పేర్లు రాయించుకుంటారు, గడ్డంతో సహా. బెల్టు నడుముకి పెట్టవద్దని, చేతికివ్వమని నేను అమ్మలకి చెప్పి పంపుతాను. జై, వీరూలకి ఇంట్లో ఉన్న జీన్సే చాలు. ఠాకూర్ శాలువా కూడా ఒకటి కుట్టించి పెట్టాను. అడిగినవాళ్లు లేరు. పాట అయ్యేదాకా చేతులు కదపకుండా నిలబడమంటే ఏ పిల్లవాడు ఒప్పుకుంటాడు?