11 తర్వాత 108... మరి ఆ తర్వాత?

చిలుకూరు బాలాజీ వీడియో చూసిన వాళ్ల కోసమే ఈ పాఠం. వీడియోలో గుడి గురించి చెప్పుకున్నాం. ఇక్కడ మన గురించి మాట్లాడుకుందాం. గుడికి వెళ్లొచ్చాక మనలో ఏం ఎదిగింది అన్నదే ఈ రోజు విషయం.

మొయినాబాద్ మండలంలో, ఉస్మాన్ సాగర్‌కి దగ్గర్లో ఉన్న ఈ స్వామిని చాలామంది 'వీసా బాలాజీ' అంటారు. పద్ధతి మీకు తెలిసిందే. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేస్తాం. అది తీరాక మళ్లీ వచ్చి 108 చేస్తాం. చేతిలో అంకెల కార్డు, ఒక్కో చుట్టుకి ఒక్కో టిక్కు. హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. కంపెనీ సీఈఓకైనా, ఇంకా ఆఫర్ లెటర్ రాని కుర్రాడికైనా అదే లైను, అవే చుట్లు.

ఈ పద్ధతిలో ఒక శిక్షణ ఉంది. మూడు మెట్లుగా చూద్దాం.

మొదటి మెట్టు: అడగడం

కోరికతో గుడికి వెళ్తే అది భక్తేనా అని కొందరికి అనుమానం. గీత 7వ అధ్యాయం 16వ శ్లోకంలో కృష్ణుడు తనను కొలిచేవాళ్లను నాలుగు రకాలుగా చెప్పాడు. కష్టంలో ఉన్న ఆర్తుడు, తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, ఏదో కావాలనుకునే అర్థార్థి, జ్ఞాని. వీసా కోసం తిరిగే మనం అర్థార్థులం. 18వ శ్లోకంలో ఆయన ఈ నలుగురూ ఉదారులే అన్నాడు. అంటే అడిగినందుకు మనల్ని తక్కువ చేయలేదు. కానీ జ్ఞాని మాత్రం తన ఆత్మే అన్నాడు.

చిన్న పిల్లాడు అమ్మ కనిపించగానే "నాకేం తెచ్చావ్?" అంటే ముద్దుగానే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్లకి కూడా అదొక్కటే అడుగుతుంటే? మొదలు తప్పు కాదు. అక్కడే ఆగిపోవడమే సమస్య.

రెండో మెట్టు: జవాబు 'నో' అయినా నిలబడటం

కాస్త లెక్క చూద్దాం. హెచ్-1బి వీసాలకి ఏటా పరిమితి 65,000. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000. అడిగేవాళ్లు అంతకంటే ఎక్కువ కాబట్టే లాటరీ పెట్టారు. పేరు రాని వాళ్లలో 11 ప్రదక్షిణలు చేసినవాళ్లు కూడా ఉంటారు కదా. మరి స్వామికి వినపడలేదా?

మనం కోడ్ రాసేవాళ్లం. రిక్వెస్ట్ పంపితే రెస్పాన్స్ రావాలి, లేకపోతే సర్వర్ డౌన్ అనుకుంటాం. ప్రదక్షిణ అలాంటిది కాదండీ. స్వామి చేత ఏదో చేయించడానికి అది మీట కాదు. మన మనసుకి మనం ఇచ్చుకునే తర్ఫీదు.

ఈ గుడి స్థలపురాణం గుర్తుందా? ఏటా తిరుమల వెళ్లే భక్తుడు ఒకసారి జబ్బు చేసి వెళ్లలేకపోయాడు. అప్పుడు స్వామి కలలో కనిపించి, నేను నీకు దగ్గర్లోనే ఉన్నానని చెప్పాడట. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆయన అనుకున్న ప్రయాణం జరగలేదు. మనం కోరికలు చెప్పుకునే ఈ గుడి కథే ఒక తీరని కోరికతో మొదలైంది!

మనసు గాలిలాంటిది, పట్టుకోవడం కష్టం అని అర్జునుడు గొడవపెడితే, 6వ అధ్యాయం 35వ శ్లోకంలో కృష్ణుడు రెండే మందులు చెప్పాడు: అభ్యాసం, వైరాగ్యం. పతంజలి యోగసూత్రాల్లో (1.14) ఆ అభ్యాసానికి మూడు షరతులు ఉన్నాయి. చాలాకాలం చేయాలి, మధ్యలో ఆపకూడదు, శ్రద్ధగా చేయాలి. 'కోరిక తీరితేనే' అనే షరతు అందులో లేదు.

వీసా రిజెక్ట్ అయిన మర్నాడు దీపం పెట్టగలిగామా? ఏడుస్తూ పెట్టినా సరే. మన భక్తికి అసలు పరీక్ష అదే.

మూడో మెట్టు: మోయడం

ఈసారి చిలుకూరు నుంచి అలాగే మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లండి. బీజాపూర్ రోడ్డు పొడవునా పెద్ద పెద్ద మర్రిచెట్లు కనిపిస్తాయి. ఒకప్పుడు దాదాపు 900 ఉండేవి. రోడ్డు వెడల్పు పనుల నుంచి వాటిని కాపాడాలని కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు.

మర్రికి మొదట ఒకటే మాను. కొమ్మలన్నీ దాని మీదే బరువు వేస్తాయి. తర్వాత ఆ కొమ్మల నుంచే ఊడలు దిగుతాయి. ఊడ నేలని తాకి వేరూనిందంటే కొన్నేళ్లకి అదే ఇంకో మానులా గట్టిపడి, తనని పుట్టించిన కొమ్మనే మోస్తుంది. భక్తుడు ఎదగడం కూడా ఇంతే. ఒకప్పుడు మనల్ని గుడి మోసింది, అమ్మానాన్నల పూజలు మోశాయి. ఇప్పుడు మనం ఎవరిని మోస్తున్నాం?

దీనికి మన కళ్ల ముందే ఒక ఉదాహరణ ఉంది. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలో, చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ గారు ఒక దళిత యువ భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని లోపలికి తీసుకెళ్లారు. శ్రీరంగంలో లోకసారంగ ముని తిరుప్పాణాళ్వారుని మోసిన మునివాహన కథని ఆయన మళ్లీ చేసి చూపించారు. ఆ కథలో ముని మామూలువాడు కాదు, రోజూ స్వామికి సేవ చేసేవాడు. అయినా తన భక్తి పండాలంటే, తాను దూరం పెట్టిన మనిషినే భుజాన ఎత్తుకోవాల్సి వచ్చింది. ఎన్నేళ్లు పూజ చేశామన్నది ఒక లెక్క. ఎవరి ముందు వంగగలిగామన్నది అసలు లెక్క.

ఈ వారం సాధన

1. రోజూ ఒకే టైముకి పది నిమిషాలు జపం. ఏమీ అడగకుండా చేయండి.
2. తీరని కోరిక ఒకటి రాసుకోండి. దాని మీద అలిగి ఏ పూజ మానేశారో కూడా పక్కన రాయండి. ఆ పూజ మళ్లీ మొదలుపెట్టండి.
3. ఒక మనిషికి ఊడ అవ్వండి. ఉద్యోగం పోయిన ఫ్రెండ్ రెజ్యూమె సరిచేయడం, ఇంట్లో పనిచేసే అక్కని కూర్చోబెట్టి మీతో పాటు టీ ఇవ్వడం, ఏదైనా సరే.

11 చుట్లలో అడిగాం. 108లో థాంక్స్ చెప్పాం. 109వ చుట్టు గుడి బయటే ఉంటుంది, దానికి కార్డులో గడి ఉండదు.

గోవిందా... గోవింద!