పాలరైతుల నాయకుడు – త్రిభువన్‌దాస్ పటేల్

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• పాలరైతులు సహకార సంఘం ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందో చెప్పగలుగుతారు.
• గ్రామ పాల సంఘం పనిచేసే తీరును వివరించగలుగుతారు.
• ప్రజాసేవ చేసే నాయకుడికి ఉండవలసిన గుణాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

గుజరాత్‌లోని సూరత్ నగరంలో బట్టల పరిశ్రమను నమ్ముకొని బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తెల్లవారగానే ఆ నగరంలో ఇంటింటికీ చేరే పాల పాకెట్ల మీద ‘సుముల్’ అనే పేరు కనిపిస్తుంది. అది ఏ షావుకారు పేరూ కాదు. సూరత్ జిల్లా పాలరైతులు 1951లో ఏర్పాటు చేసుకొన్న సహకార సంఘం పేరు.

వాళ్ల కంటే ఐదేళ్లు ముందే ఈ దారి తొక్కినవారు ఖేడా జిల్లా రైతులు. సూరత్ నుంచి రైలులో ఉత్తరానికి వెళితే బరోడా తర్వాత వచ్చే ఆనంద్ పట్టణమే వాళ్ల సంఘానికి కేంద్రం. ఆ రైతులకు పెద్దదిక్కుగా నిలిచిన త్రిభువన్‌దాస్ పటేల్ జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకొందాం.

2. పాలు రైతువి, ధర కంపెనీది

త్రిభువన్‌దాస్ 1903 అక్టోబరు 22న ఆనంద్‌లో జన్మించారు. గాంధీజీ స్థాపించిన గుజరాత్ విద్యాపీఠ్‌లో చదివారు. స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని 1930లో, 1935లో, 1942లో జైలుకు వెళ్లారు. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్‌ను తన నాయకుడిగా భావించారు.

ఆ రోజుల్లో ఖేడా పల్లెల్లో చాలా ఇళ్లకు ఒకటో రెండో గేదెలు ఉండేవి. పంట ఏడాదికి ఒకటి రెండుసార్లే చేతికి వస్తుంది. పాలు మాత్రం రోజూ డబ్బు తెస్తాయి. అందుకే పేద కుటుంబానికి గేదె పెద్ద ఆధారం. కాని పాలు నిలవ ఉండవు. ఉదయం పితికిన పాలు మధ్యాహ్నానికి విరిగిపోవచ్చు. ధర నచ్చలేదని రైతు పాలను ఇంట్లో దాచుకోలేడు. ఎంత ఇస్తే అంతకు అమ్మక తప్పదు. కొనేవాడి బలమంతా ఇక్కడే ఉంది.

1945లో బొంబాయి ప్రభుత్వం ఆ నగరానికి పాలు సరఫరా చేసే పథకం ప్రారంభించింది. ఖేడా పల్లెల్లో పాలు సేకరించే హక్కును ఆనంద్‌లోని పోల్సన్ డెయిరీకి మాత్రమే ఇచ్చింది. పాలు సూరత్ మీదుగా రైలులో 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బొంబాయి చేరేవి. నగరంలో మంచి ధర పలికినా, ఆ లాభం కంపెనీకీ దళారులకే మిగిలేది. తెల్లవారుజామునే లేచి గడ్డి వేసి, పాలు పితికిన కుటుంబానికి దక్కేది తక్కువ.

పాఠగత ప్రశ్నలు – 1
అ) పాల ధర విషయంలో రైతు ఎందుకు బలహీనుడు?
ఆ) బొంబాయి పాల పథకం వల్ల ఎవరికి ఎక్కువ లాభం కలిగింది?

3. పదిహేను రోజుల సమ్మె

రైతులు సర్దార్ పటేల్ దగ్గరకు వెళ్లి మొరపెట్టుకొన్నారు. మీ పాలను మీరే సంఘంగా ఏర్పడి అమ్ముకోవాలని ఆయన సలహా ఇచ్చారు. అవసరమైతే పాలు పోయడం మానాలనీ, దానికి నష్టం భరించే ధైర్యం ఉండాలనీ హెచ్చరించారు. తన ప్రతినిధిగా మొరార్జీ దేశాయిని పంపారు.

1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో రైతుల సభ జరిగింది. ఊరూరా పాల సంఘాలు పెట్టాలనీ, అవన్నీ కలిసి జిల్లా సంఘంగా ఏర్పడాలనీ, ప్రభుత్వం ఆ సంఘం దగ్గరే పాలు కొనాలనీ తీర్మానించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. దాంతో రైతులు సమ్మెకు దిగారు. పదిహేను రోజులు ఒక్క చుక్క పాలు కంపెనీకి పోయలేదు. రోజువారీ రాబడి లేకపోతే పేద ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. బొంబాయికి పాలు ఆగిపోవడంతో ప్రభుత్వం దిగివచ్చింది.

1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం రిజిస్టర్ అయింది. త్రిభువన్‌దాస్ దానికి అధ్యక్షులయ్యారు. ఆయన పల్లె పల్లెకూ తిరిగి రైతులకు నచ్చజెప్పారు. 1948 జూన్‌లో రెండు గ్రామ సంఘాలతో, రోజుకు సుమారు 250 లీటర్ల పాలతో పని మొదలైంది.

4. సంఘం ఎలా పనిచేస్తుంది?

పాడి పశువు ఉండి, సంఘానికి పాలు పోసే ఎవరైనా సభ్యులు కావచ్చు. ఒక గేదె ఉన్నవారికీ పది గేదెలు ఉన్నవారికీ ఒక్కొక్క ఓటే. కులం, మతం అనే తేడా లేదు. ముందు వచ్చినవారు ముందు పాలు పోస్తారు. అగ్రవర్ణాలవారు హరిజనుల వెనుక వరుసలో నిలబడటం ఆ రోజుల్లో చిన్న మార్పు కాదు.

పాల ధరను అందులోని వెన్న శాతాన్ని బట్టి కడతారు. ఒక ఉదాహరణ చూడండి. కిలో వెన్నకు 800 రూపాయలు ధర అనుకొందాం.

• ఒకరు 6 శాతం వెన్న ఉన్న పాలు 5 కిలోలు పోశారు. అందులో వెన్న 300 గ్రాములు. రావలసిన డబ్బు 240 రూపాయలు.
• మరొకరు 7.5 శాతం వెన్న ఉన్న పాలు 5 కిలోలు పోశారు. అందులో వెన్న 375 గ్రాములు. రావలసిన డబ్బు 300 రూపాయలు.

పాలలో నీళ్లు కలిపితే వెన్న శాతం తగ్గుతుంది. కాబట్టి మోసం చేసినందువల్ల లాభం ఉండదు. తూకం, పరీక్ష అందరి ఎదుటా జరుగుతాయి కాబట్టి సభ్యులకు నమ్మకం కుదురుతుంది.

సభ్యులు గ్రామ సంఘం పాలకవర్గాన్ని ఎన్నుకొంటారు. గ్రామ సంఘాల అధ్యక్షులు జిల్లా సంఘం పాలకవర్గాన్ని ఎన్నుకొంటారు. యంత్రాలు నడపడం, సరుకు అమ్మడం వంటి పనులకు నిపుణులను జీతానికి పెట్టుకొంటారు.

పాఠగత ప్రశ్నలు – 2
అ) పది గేదెలున్న సభ్యునికి ఎన్ని ఓట్లు?
ఆ) 8 శాతం వెన్న ఉన్న 5 కిలోల పాలకు, పై ధర ప్రకారం ఎంత డబ్బు వస్తుంది?

5. నాయకుడు, నిపుణుడు

1949లో వర్గీస్ కురియన్ అనే యువ ఇంజనీరు ప్రభుత్వ ఉద్యోగిగా ఆనంద్ వచ్చారు. సంఘం పాత యంత్రాలు తరచు చెడిపోతుంటే త్రిభువన్‌దాస్ ఆయన సహాయం కోరారు. ఆనంద్ విడిచి వెళ్లిపోదామనుకొన్న ఆయనను ఒప్పించి సంఘంలో చేర్చుకొన్నారు. రైతుల నమ్మకాన్ని నిలబెట్టే పని త్రిభువన్‌దాస్‌ది, డెయిరీ నడిపే పని కురియన్‌ది. ఒకరి పనిలో మరొకరు అడ్డుపడలేదు.

చలికాలంలో గేదెలు ఎక్కువ పాలిస్తాయి. ఆ పాలన్నీ బొంబాయి కొనేది కాదు. మిగిలిన పాలు ఏం చేయాలి? ఈ చిక్కు తీర్చడానికే 1955లో పాలపొడి, వెన్న తయారుచేసే కర్మాగారం పెట్టారు. గేదె పాలతో పాలపొడి తయారుచేయడం సాధ్యమేనని హెచ్.ఎం. దలాయా నిరూపించారు. ఈ సంఘం సరుకుకే ‘అమూల్’ అని పేరు పెట్టారు.

1963లో త్రిభువన్‌దాస్, కురియన్, దారా ఖురోడీలకు కలిపి రామన్ మెగసెసె అవార్డు లభించింది. 1964లో త్రిభువన్‌దాస్‌కు పద్మభూషణ్ ఇచ్చారు. తర్వాత ఆయన రాజ్యసభ సభ్యులుగా కూడా పనిచేశారు.

6. పదవి వదిలాక

త్రిభువన్‌దాస్ 1970 దశకం మొదట్లో తనంతట తానే అధ్యక్ష పదవి నుంచి తప్పుకొన్నారు. సభ్యులు కృతజ్ఞతతో ఆరు లక్షల రూపాయల నిధి సేకరించి ఆయనకు అందజేశారు. ఆ డబ్బును ఆయన సొంతానికి వాడుకోలేదు. దానితో స్త్రీల, పిల్లల ఆరోగ్యం కోసం త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ ప్రారంభించారు. పశువుల పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లే. గేదెకు జబ్బుచేస్తే సంఘం డాక్టరు వచ్చేవాడు, తల్లికి జబ్బుచేస్తే వచ్చేవారు లేరు. ఈ లోటు తీర్చడానికి పాల సంఘం ఉన్న ఊళ్లోనే గ్రామ ఆరోగ్య కార్యకర్తను తయారుచేశారు.

ఆయన 1994 జూన్ 3న మరణించారు. 2025లో పార్లమెంటు చట్టం ద్వారా ఆనంద్‌లో ఏర్పడిన సహకార విశ్వవిద్యాలయానికి ‘త్రిభువన్’ పేరు పెట్టారు. ఆనంద్ పద్ధతి దేశమంతా వ్యాపించింది. తెలంగాణలోని ములుకనూరులో మహిళలే సభ్యులుగా ఉన్న పాల సహకార సంఘం 2002 నుంచి సొంత డెయిరీ నడుపుతోంది.

7. మీరు నేర్చుకొన్నది

• పాలు నిలవ ఉండవు కాబట్టి ఒంటరి రైతు ధర నిర్ణయించలేడు. అందరూ కలిస్తే నిర్ణయించగలరు.
• ఒక సభ్యునికి ఒక ఓటు, అందరి ఎదుటా తూకం, నాణ్యతకు తగిన ధర – ఇవి సంఘానికి పునాదులు.
• మంచి నాయకుడు నిపుణుల మాట వింటాడు. పదవిని పట్టుకొని వేలాడడు. ప్రజలిచ్చినది ప్రజలకే చేరుస్తాడు.

పదాలు – అర్థాలు
దళారి = కొనేవారికీ అమ్మేవారికీ మధ్యవర్తి
పాలకవర్గం = సంఘాన్ని నడిపించే సభ్యుల బృందం
తీర్మానం = సభలో అందరూ కలిసి చేసిన నిర్ణయం

పాఠాంత ప్రశ్నలు
1. పదిహేను రోజుల సమ్మెలో రైతులు ఎందుకు గెలిచారు? మీ సొంత మాటల్లో రాయండి.
2. త్రిభువన్‌దాస్ చేసిన పనుల్లో మీకు నచ్చినది ఏది? కారణం చెప్పండి.
3. మీ ఊళ్లోని ఒక సహకార సంఘానికో పొదుపు సంఘానికో వెళ్లండి. సభ్యులు ఎందరు, లెక్కలు ఎవరు రాస్తారు, వాటిని సభ్యులందరికీ చూపిస్తారా – కనుక్కొని పది వాక్యాలు రాయండి.

పాఠగత ప్రశ్నల జవాబులు
1. అ) పాలు త్వరగా విరిగిపోతాయి, దాచుకోలేడు. ఆ) కంపెనీకి, దళారులకు.
2. అ) ఒక్క ఓటు. ఆ) 320 రూపాయలు (వెన్న 400 గ్రాములు).