మెదడులో ఊరి పటం

గుణదల మేరీమాత తిరునాళ్ళకు ఒక్కసారైనా వెళ్ళనివారు మనలో తక్కువ. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో కొండమీది శిలువ దాకా ఇసుకవేస్తే రాలనంత జనం. అయినా దిగి వచ్చాక చెప్పులు విడిచిన చోటికే చేరతాం. కాళ్ళకు అలవాటు అంటాం గాని, ఆ లెక్క నడిచేది మెదడులో. ఎలాగో చూద్దాం.

1971లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జాన్ ఓకీఫ్, డొస్ట్రోవ్‌స్కీ అనేవారు ఎలుక మెదడులోని హిప్పోకాంపస్‌లో సన్నని తీగలు అమర్చి, దాన్ని తిరగనిచ్చారు. ఎలుక ఒక మూలకు వస్తే ఒక నాడీకణం, మరో చోటికి వస్తే మరో కణం విద్యుత్ సంకేతాలిచ్చాయి. ఇవే ప్లేస్ సెల్స్, అంటే స్థానకణాలు. గదిలో గుర్తుగా పెట్టిన అట్టను తిప్పితే, కణాలు పలికే చోట్లూ దానితోపాటే తిరుగుతాయి. మన శిలువను ఎవరో కొండకు అవతలి పక్కన పాతినట్టు! ఇంకో విచిత్రం: పక్కపక్క కణాలు పక్కపక్క చోట్లకు చెందవు. కనుక పటం అన్నామే గాని, అది గోడకు తగిలించే పటం వంటిది కాదు.

మరి చీకట్లో గుర్తులు కనబడవు కదా? అక్కడ అడుగుల లెక్క పనికొస్తుంది. 2005లో నార్వేలో మోసర్ దంపతుల బృందం ఎంటోరైనల్ కార్టెక్స్‌లో గ్రిడ్ సెల్స్ కనిపెట్టింది. ఒక్కొక్క కణం ఒక చోట గాక, సమదూరంలో అనేక చోట్ల పలుకుతుంది. ఆయిల్‌పామ్ తోటలో మొక్కల్ని త్రిభుజాలుగా నాటతారే, అచ్చం అలాగ. ఓకీఫ్‌కూ మోసర్ దంపతులకూ కలిపి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలుక పరుగెత్తేది చదును నేలమీద. ఎత్తుపల్లాల్లో ఎగిరే గబ్బిలం సంగతేమిటి? తెలుగులో సైన్సు రాసే మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు శ్రీనివాస చక్రవర్తి, సహచరులతో కలిసి, మూడు కొలతల్లో ఈ కణాలు ఎలా రూపొందుతాయో చూపే గణిత నమూనాను 2018లో ప్రకటించారు.

ఇదంతా ఎలుకల గొడవే అనుకోకండి. మూర్ఛరోగ చికిత్సకై మెదడులో తీగలు అమర్చినవారు కంప్యూటర్ తెరమీద ఊరు చుట్టబెడుతుండగా, వారిలోనూ స్థానకణాలు కనబడ్డాయని 2003లో తేలింది. అల్జీమర్స్ జబ్బు మొట్టమొదట దెబ్బతీసే భాగాల్లో ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. ఏలూరు కాలవ గట్టున నలభై ఏళ్ళు నడిచిన పెద్దాయన ఒకనాడు సొంత వీధి మలుపులో తికమకపడి నిలబడితే మనం చాదస్తం అనేస్తాం. పేర్లూ ముఖాలూ ఇంకా గుర్తున్నా దారి మాత్రం తప్పవచ్చు. అందుకే, దారి పోల్చుకునే పరీక్షలతో ఈ జబ్బును ముందుగానే పసిగట్టగలమా అని పరిశోధనలు సాగుతున్నాయి.