మూడు రంగులతో మనిషి బొమ్మ



మనిషి బొమ్మ అనగానే మనం ముందు కళ్లు, ముక్కు వేస్తాం. నేనూ అట్లే చేసినాను. సుగ్గికి పోయిన మా యాడిని తలుచుకొని వేస్తే, సినిమా పోస్టర్ మాదిరి వచ్చింది. పేటియాకు డబ్బాలోని రంగులన్నీ పూసినాను. చూస్తే మా యాడి కాదు.

తర్వాత ఆలోచించినాను. మన వాళ్లు చేనిగట్టు మీద దూరంగా వస్తుంటే ముఖం కనపడకముందే గుర్తుపడతాం. ఎట్లా? నడకను బట్టి, నడుము వంపును బట్టి. బొమ్మకు కావలసింది అదే.

ఆకారం: కళ్లు సగం మూసి చూడండి. చిన్నవి మాయమై పెద్ద ముక్కలు మిగులుతాయి. తల కోడిగుడ్డు. పేటియా బోర్లించిన గంప. పత్తి తీసేటప్పుడు వంగిన వీపు ఒకే గీత. వేళ్లు విడివిడిగా వద్దు. ఆదోని మార్కెట్లో మూట మోసే హమాలీని చూడండి. మూట, వీపు, కాళ్లు, అంతే. ఎమ్మిగనూరులో నేతగాని కాళ్లు మగ్గం గుంటలో ఉంటాయి. పైకి కనిపించేది తల, భుజాలు, చాచిన చేయి.

రంగు: ఎర్రమట్టి, బొగ్గు, సుద్ద చాలు. విడివిడిగా మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, బట్టతో వడగట్టండి. అడుగున పేరుకున్న దానిలో నానబెట్టిన తుమ్మజిగురు కలపండి. డబ్బా రంగులైతే ఎరుపులో కొంచెం ఆకుపచ్చ, నీలంలో కొంచెం నారింజ కలిపితే మెరుపు అణుగుతుంది. నలుపు ఎక్కువ పోస్తే మురికిగా అవుతుంది.

మరి పేటియా అద్దాలు? సుద్దతో నాలుగు చుక్కలు పెట్టండి. చుట్టూ రంగు అణిగి ఉంటే ఆ చుక్కలే మెరుస్తాయి.

ఇది కొత్త పద్ధతి కాదు. మన కర్నూలు సీమలోని కేతవరం రాతిగుహల్లో ఆదిమానవులు ఎర్రరంగుతో మనుషులను, జంతువులను వేసినారు. మహారాష్ట్రలో వర్లీ గిరిజనులు మట్టిగోడ మీద బియ్యపుపిండితో వేస్తారు. బెంగాల్ చిత్రకారుడు జామినీ రాయ్ (1887–1972) పల్లె పటాల నుంచి నేర్చుకొని, మట్టిరంగులు, కొద్ది గీతలతోనే గొప్ప పేరు తెచ్చుకున్నాడు.

నేను బొమ్మ మళ్లీ వేసినాను. ఈసారి కళ్లు లేవు, ముక్కు లేదు. నాలుగో తరగతి చదివే మా చెల్లెలు చూసి, "యాడి!" అని బొమ్మ మీద చెయ్యి పెట్టింది. రంగు ఇంకా ఆరలేదు. వీపు దగ్గర ఆ వేలిముద్ర ఉంది. చెరపలేదు.

మీరూ వేయండి. మీ అమ్మానాన్నలు తిరిగి వచ్చినప్పుడు చూపించండి.

— పదవ తరగతి విద్యార్థి