మాధవికి, కరపత్రంతో సరిపెట్టకు



అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో ఎక్కించుకుని అనకాపల్లి తిరిగొచ్చే వాళ్లందరినీ ఒకచోట చేర్చి వ్యాయామం చేయిస్తానన్నావు. చేయించమ్మా. అయితే "ఒంట్లో ఓపికే లేదు, వ్యాయామం ఏమిటి?" అని వాళ్ల ఇంటిల్లిపాదీ నీ మీద విరుచుకుపడతారు. ఆ మాటని తేలిగ్గా తీసుకోకు. కీమో నీరసం ఒక పూట నిద్రపోతే తీరేది కాదు. కానీ మంచం మీదే ఉంటే కండ కరుగుతుంది, కండ కరిగితే నాలుగు మెట్లకే ఆయాసమొస్తుంది, ఆ ఆయాసం చూసి ఇంట్లోవాళ్లు మళ్లీ మంచమెక్కిస్తారు. 2007లో ఫలితాలొచ్చిన ఒక అధ్యయనంలో కెనడావాళ్లు 242 మంది రొమ్ము క్యాన్సర్ రోగులని తీసుకుని, కొందరి చేత కీమో నడుస్తుండగానే వ్యాయామం చేయించి చూశారు. బరువులెత్తినవాళ్లు నిర్ణయించిన కీమో మోతాదుని వ్యాయామం చేయనివాళ్లకన్నా మెరుగ్గా పూర్తి చేయగలిగారు. ఇంట్లోవాళ్లకి ముందు చెప్పాల్సింది ఇదే.

"ఒక కాగితం మీద రాసివ్వు, ఇంట్లోనే చేసుకుంటారు" అనేవాళ్లూ ఉంటారు. వాళ్లకి 2025లో ఫలితాలొచ్చిన పెద్దపేగు క్యాన్సర్ అధ్యయనం గురించి చెప్పు. 889 మందిలో సగం మందికి ఆరోగ్య సలహాల పుస్తకాలే ఇచ్చారు, మిగతా సగానికి మూడేళ్లపాటు ఒక శిక్షకుడి తోడు కూడా ఇచ్చారు. ఎనిమిదేళ్లకి పుస్తకాలవాళ్లలో 83 శాతం, శిక్షకుడున్నవాళ్లలో 90 శాతం బతికున్నారు. అది కీమో అయిపోయాక మొదలైన వ్యాయామం, కాబట్టి నీ దగ్గరికొచ్చేవాళ్లకి ఆయుష్షు లెక్కలు చెప్పకు. అక్కడ ఒక్కొక్కరికీ ఒక మనిషిని పెట్టగలిగారు. మనకి అంత స్తోమత లేదు గనకే నలుగురినీ కలిపి కూర్చోబెట్టాలంటున్నాను. రాని మనిషికి ఫోన్ చేసే తోటివాళ్లుంటే సగం శిక్షకుడు ఉన్నట్టే.

ఒక భయం మాత్రం నిజమైనదే. ఎముకలకి క్యాన్సర్ పాకినవాళ్లు, రక్తకణాలు బాగా పడిపోయినవాళ్లు, జ్వరమున్నవాళ్లు డాక్టరు సరేననకుండా రాకూడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి చెయ్యి వాస్తుందని బిందె కూడా ఎత్తనివ్వని ఇళ్లున్నాయి. చెయ్యి వాపున్న అలాంటి 141 మంది మీద చేసి, 2009లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, బరువు మెల్లగా పెంచుకుంటూ ఎత్తితే వాపు ముదరలేదు. అరకేజీతోనే మొదలుపెట్టు. అంతకన్నా ముందు కుర్చీ: చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీని గోడకి ఆనించి, అరచేతులు గుండెల మీద పెట్టుకుని లేచి, మెల్లగా కూర్చోమను. ఎన్నిసార్లు చేయగలిగారో పేరు పక్కన రాసుకో. మరుసటి నెల ఆ అంకెని వాళ్లకే చూపించు. ఎండ ముదరకముందే, ఉదయం ఏడింటికల్లా మొదలుపెట్టు. తోడొచ్చినవాళ్లకీ కుర్చీలు వేసి, వాళ్ల చేతా చేయించు.

ఆశీస్సులతో,
పెదనాన్న