ఆవలికి చేర్చు మాటలు

తపతీ నది యొడ్డున నున్న సూరతు నగరములో మరమగ్గములపై జీవించు తెలుగు కుటుంబములు అనేకము గలవు. అచ్చటి బట్టల బజారులో "ట్రాన్స్‌పోర్టు" అని వ్రాసిన పలకలు తరచుగా కనబడును. దానికి "రవాణా" అనియు, "ట్రాన్స్‌ఫర్" అనగా "బదిలీ" అనియు బాలుడు వేరువేరుగా కంఠస్థము చేయును. ప్రతి మాటయు అతనికి క్రొత్త భారమే. అయితే ఈ మాటలన్నిటిని తెరచు తాళపుచెవి ఒక్కటే.

"ట్రాన్స్" అనునది లాటిను భాషనుండి వచ్చిన ఉపసర్గ. దాని అర్థము "ఆవలికి" లేక "దాటి" అని. "పోర్టు" అనగా మోయుట. కావున ట్రాన్స్‌పోర్టు అనగా ఆవలికి మోసికొనిపోవుట. "ఫర్" అనినను మోయుటయే. "ట్రాన్స్‌పేరెంట్" అనగా ఆవలనున్నది కనబడనిచ్చునది. "గ్రెస్" అనగా అడుగువేయుట. "ట్రాన్స్‌గ్రెస్" అనగా హద్దు దాటి అడుగువేయుట. మన "అతిక్రమము" అను మాటయు ఇట్టిదే. "అతి" అనగా దాటి, "క్రమము" అనగా అడుగు.

"ట్రాన్స్‌లేట్" అను మాట, ట్రాన్స్‌ఫర్ పుట్టిన లాటిను క్రియయొక్క మరియొక రూపమునుండియే వచ్చినది. నేడు దాని వాడుక అర్థము భాషాంతరము చేయుట. కాని 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలులో హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11:5లో హనోకును గూర్చి ఈ మాటయే యున్నది. వాడుక అర్థమునే పట్టుకొనినవాడు అచ్చట కలవరపడును. "ఆవలికి కొనిపోబడుట" అను మూలార్థము ఎరిగినవానికి చిక్కు లేదు.

సూరతు ఈ మాటకు తగిన సాక్షి. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనరీ సంఘమే 1815లో సూరతునకును వచ్చెను. ఆ సంఘమువారైన జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ అనువారు బైబిలును గుజరాతీలోనికి భాషాంతరము చేసిరి. ఓడలు సరకులను ఆవలికి చేర్చిన రేవులోనే వారు వాక్యమును ఒక భాషనుండి మరియొక భాషకు చేర్చిరి.

అయినను ఉపసర్గ దారి చూపునే గాని గమ్యము కాదు. మాట యున్న వాక్యమును చదివియే అర్థము నిశ్చయింపవలెను.

మగ్గము ప్రక్కన బిడ్డను కూర్చుండబెట్టుకొను తండ్రి ఇంగ్లీషు ఎరుగకపోవచ్చును. కాని "ఆవలికి" అనగా ఏమో, ఊరు విడిచి వచ్చిన అతడు బాగుగా ఎరుగును. పాఠమును అచ్చటనుండియే ఆరంభింపవచ్చును.