చరిత్రపురుషుల పాత్రలు – నటుల బాధ్యత

కల్పితకథలోని నాయకునిగా నటించుట యొకటి. నిజముగా బ్రతికిన వ్యక్తిగా నటించుట వేఱొకటి. మొదటిదానియందు నటుఁడు కవికి మాత్రమే జవాబుదారి. రెండవదానియందు గతించినవారికిని, వారి యూరివారికిని గూడ జవాబు చెప్పవలసియుండును. పల్నాటివారమగు మన కీ విషయము మిక్కిలి దగ్గఱది. మన గురజాల, మాచర్ల, కారెంపూడి కథయే రెండుమాఱులు వెండితెర కెక్కినది.

మొదటి "పల్నాటి యుద్ధము" 1947వ సంవత్సరమున వెలువడెను. గూడవల్లి రామబ్రహ్మముగారు దాని నారంభించి 1946లో స్వర్గస్థులు కాఁగా, ఎల్. వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి. బ్రహ్మనాయఁడుగా గోవిందరాజుల సుబ్బారావుగారును, నాయకురాలు నాగమ్మగా కన్నాంబగారును, బాలచంద్రుఁడుగా అక్కినేని నాగేశ్వరరావుగారును నటించిరి. 1966లో వచ్చిన రెండవ చిత్రమున నందమూరి తారక రామారావుగారు బ్రహ్మనాయఁడు, భానుమతిగారు నాగమ్మ.

అభినయమును మన ప్రాచీనులు ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించిరి. అవి క్రమముగా అంగముల కదలిక, మాట, వేషము, మనస్సులోని భావము. నాటకశాలలో కడపటి వరుసవానికిని వినఁబడవలెను గనుక వాచికమునకుఁ బ్రాధాన్యము హెచ్చు. చిత్రమునందో, యంత్రము ముఖము చెంతకు వచ్చును. కనుబొమ కదలినను గానవచ్చును. కావున నచట సాత్త్వికమే ప్రాణము. 1947 నాటి చిత్రములో మేము పేర్కొనిన మువ్వురును నాటకరంగమునుండి వచ్చినవారే యగుటచే, ఈ భేద మా చిత్రమునందు శ్రద్ధతోఁ బరిశీలింపఁదగినది.

ఈ మూఁడు పాత్రలలో మిక్కిలి కష్టమైన దేది? బాలచంద్రుఁడు నూనూఁగు మీసముల వీరుఁడు; ప్రేక్షకుల జాలి వానికి ముందే సిద్ధముగా నుండును. చాపకూడు పెట్టి కులభేదములు మాన్పఁజూచినవాఁడని, మాలకన్నమదాసును సేనాపతిగా నిలిపినవాఁడని బ్రహ్మనాయనికిఁ బ్రజలలో గౌరవము కలదు. నాగమ్మకో, అట్టి యాదరువు లేదు. కావున నామె పాత్రయే కష్టతమమని మా యభిప్రాయము.

జిట్టగామాలపాటినుండి వచ్చి, పండ్రెండవ శతాబ్దమున గురజాలలో మంత్రిణియైన స్త్రీ సామాన్యురాలు కాదు. నటి కనులెఱ్ఱచేసి వికటముగా నవ్వినంతమాత్రమున మనకుఁ గనఁబడునది రాక్షసియే గాని రాజ్యతంత్రజ్ఞురాలు కాదు. అప్పుడు దోషమంతయు నొక్కరిపైఁ బడును. కోడిపందెమునకు రాజ్యము నొడ్డిన యుభయపక్షముల పంతమును, ఆ పంతమునకు బలియైన పల్నాటి బిడ్డలను మనము మఱచిపోవుదుము. ప్రతిపక్షమును మనుష్యురాలిగాఁ జూపలేని యభినయము చరిత్రకు ద్రోహమే.

మన పాత గుంటూరుమండలమున జన్మించిన చిత్తూరు నాగయ్యగారు 1946లో త్యాగయ్యగాను, 1947లో వేమనగాను నటించిరి. ముఖ మొక్కటే, జీవితములు వేఱు. త్యాగయ్య భక్తి మొదటినుండి నిలుకడగలది. వేమనయో, భోగమునుండి విరాగమునకు మాఱినవాఁడు. ఆ మార్పును బ్రేక్షకుఁడు నమ్మవలెను. కావున మాకు రెండవదియే గొప్పదిగాఁ దోఁచుచున్నది.

ఇంకొక చిక్కు కలదు. వేమన ముఖమును మన మెవ్వరము నెఱుఁగము. చిఱ్ఱావూరున జన్మించిన సావిత్రిగారి ముఖమో, ఆమె చిత్రములవలన నెల్లరకుఁ బరిచితము. 2018 నాటి "మహానటి"లో నామెగా నటించి జాతీయపురస్కార మందిన కీర్తి సురేశుగారికిఁ బోలికయు వలసెను, ప్రాణమును వలసెను. పోలిక మాత్రమే యున్నచో నది బొమ్మ. ప్రాణమును గలిగినప్పుడే పాత్ర.

విద్యార్థులారా! ఇట్టి చిత్రమును జూచినప్పుడు మూఁడు ప్రశ్నలు వేసికొనుఁడు. నటుఁడు మౌనముగా నున్నప్పుడు సైత మేమైనఁ దెలిసినదా? ఆ వ్యక్తి తప్పులను దాఁచక చూపెనా? ఆ వ్యక్తి శత్రువు సైతము మనకు మనుష్యుఁడుగాఁ దోఁచెనా? మూఁటికిని ఔనని చెప్పఁగలిగినచో, ఆ నటునకు మన పల్నాటి వీరులను నిశ్చింతగా నప్పగింపవచ్చును.